హెలికాప్టర్ బడికి పోయే రూతుకు చెప్పాల్సిన మాట

జూన్ 3

నా రాత బాగుండదు. ఎనిమిదో తరగతితో బడి ఆగిపోయింది, ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలియదు. తప్పులుంటే ఈ పుస్తకమే మన్నించాలి. ఎరువుల అంగడి వాళ్లు ఊరికే ఇచ్చిన డైరీ. జనవరి నుంచి ఖాళీ.

రూతు వచ్చింది. నా మనవరాలు. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలే యోహాను కూతురు. భుజాల మీద రెండేసి నక్షత్రాలు, లెఫ్టినెంటు. తొమ్మిది రోజులు ఇంట్లో ఉండి హెలికాప్టర్ నేర్పే స్కూలుకు పోతుంది.

యోహాను అన్నాడు — "నాయనా, నువ్వు మిలిటరీలో నాయక్ ర్యాంకుతో దిగినోడివి, ఇది లెఫ్టినెంటు. కొట్టు సెల్యూటు." అందరూ నవ్వారు. చెయ్యి దానంతట అదే లేచింది. పాప తిరిగి కొట్టాక గానీ దించలేకపోయాను.

ఇరవై రెండేళ్లు పాపకు. మిలిటరీలో మా కొత్త లెఫ్టినెంటు సాబ్‌కు కూడా అప్పుడు అంతే.

జూన్ 4

పాప అడిగింది. "తాతా, పదిహేడేండ్లు మిలిటరీలో బండి తోలినావు. కొత్త ఆఫీసరు ఏం చెయ్యల్ల? ఒక్క సలహా చెప్పు."

రేపు చెప్తానన్నాను.

జూన్ 5

చెప్పలేదు.

జూన్ 7, ఆదివారం

చర్చిలో పాపకు సన్మానం. పాస్టరు మైకు తెచ్చి నా నోటి దగ్గర పెట్టాడు. "పెద్దాయన మిలిటరీలో చేసినాడు. మనవరాలికి నాలుగు మాటలు చెప్పల్ల." మైకు రెండు చేతులా పట్టుకుని "బూట్లు తడవనీయొద్దు" అన్నాను. గుడి మొత్తం నవ్వు. వెనక నుంచి ఎవడో — "అంతే లేప్పా, పదిహేడేండ్లలో నేర్చుకునింది అది ఒకటే."

పెద్దరెడ్డి శాలువా పట్టుకుని వచ్చాడు. ముందు వేసిన కుర్చీలో కూర్చున్నాడు, అందులోంచే అన్నాడు — "మా చేన్లో కలుపు తీసినోళ్ల మనవరాలు. ఇప్పుడు నేనే సెల్యూటు కొట్టాల్నేమ్మే?"

రూతు — "వద్దులే సార్, నడుం పట్టుకుంటాది. లేచి నిలబడితే చాలు."

మళ్లీ నవ్వు. ఈసారి మా వాళ్ల నవ్వు. రెడ్డి లేవలేదు, కానీ ముఖం నల్లబడింది. నాకు సంతోషమే. చిన్నప్పటి నుంచి నేను అనలేని మాట అది. అయినా ఆ గొంతు... ఆ గొంతు నాకు తెలుసు.

జూన్ 8

బాడుగ కారులో కర్నూలు పోయి వచ్చాం. పాపకు సామాన్లు కొనాలని. తోలింది బాషా, మంచి పిల్లోడు. తిరిగి వచ్చేటప్పుడు డోన్ దాటంగానే "మేడం, ఒక మాట..." అన్నాడు. పాప ఫోనులో ఉంది. "నువ్వు దావ చూసి తోలప్పా, చాలు" అంది. బాషా నోరు మూశాడు. అద్దంలో వాడి మూతి చూశాను. బిగిసిపోయింది.

ఇంటికి వచ్చి చూస్తే డిక్కీ తెరుచుకుని ఉంది. బ్యాగు ఒకటి లేదు. కొత్త బూట్లు, కొన్న బట్టలు అన్నీ అందులోనే. పాప, యోహాను మోటారు సైకిలు మీద వెనక్కి పోయారు. దొరకలేదు.

వాళ్లు పోయాక బాషాను అడిగాను — ఏం చెప్పబోయినావప్పా? వాడు బీడీ వెలిగించాడు.

"డిక్కీ సరిగ పడలేదని చెప్తామనుకున్యా, పెద్దాయనా."

"మళ్లా చెప్పకపోయినావా."

"దావ చూసి తోలమన్యాది కదా. తోలినా. బ్యాగు పడేది గూడా అద్దంలో చూసినా." నవ్వాడు. "శానా దూరం దొర్లింది."

పాపకు నేను చెప్పలేదు. బాషా మీద కోపం రాలేదు. అదే భయంగా ఉంది.

జూన్ 9

పాపకు చెప్పాల్సిన సలహా తెలిసింది. కానీ అది చెప్పాలంటే నేను చేసింది చెప్పాలి. ఇంక మూడు రోజులు.

జూన్ 10

నోటితో చెప్పే ముందు ఇక్కడ రాసి చూస్తాను.

కొండల్లో పోస్టింగు. కొత్త లెఫ్టినెంటు సాబ్ వచ్చి మూడు వారాలు. నేను ఆయన జీపు డ్రైవరు. ఒకరోజు ఐదు నిమిషాలు ఆలస్యమైంది. స్టెప్నీ నెత్తిన పెట్టి మైదానం చుట్టూ తిప్పాడు. ఏడు చుట్లు. మా వాళ్లంతా వరుసగా నిలబడి చూశారు. ఆరో చుట్టులో పడ్డాను. "లేపండి ఎనుమును" అన్నాడు.

తెల్లారి బండి తనిఖీ. రోజూ చేసేదే. వెనక ఎడమ చక్రం లోపల తడి. వేలు పెట్టి వాసన చూశాను. బ్రేకాయిలు. డబ్బాలో సగం లేదు. సాబ్ వచ్చాడు. "సాబ్..." అన్నాను.

"చుప్. తాళం ఇటియ్యి. నేనే తోలుకుంటా."

ఇచ్చాను. జీపు వెనక్కి తిప్పుకునేంత సేపు ఉంది. ఒక్క మాట పట్టేంత సేపు. నేను అటెన్షన్‌లో నిలబడి సెల్యూటు కొట్టాను. పదిహేడేళ్లలో అంత నిటారుగా ఎప్పుడూ కొట్టలేదు.

మూడో మలుపు దగ్గర లోయలో పడింది.

బతికాడు. నడుము కింద చచ్చుబడిపోయింది. ఆయన పెట్టె ఇచ్చి రావడానికి ఆస్పత్రికి నన్నే పంపారు. నన్ను చూసి నవ్వాడు. పక్కనున్న పెద్దాఫీసరుతో చెప్పాడు — డ్రైవరు తప్పేం లేదు, తాళం నేనే లాక్కున్నా, అదే రాసిచ్చినా. తర్వాత నా వైపు తిరిగి అడిగాడు. "ఆ పొద్దు ఏదో చెప్పబోయినావు. ఏంది?"

"టిఫిను గురించి సాబ్" అన్నాను.

ఆయన రాసిచ్చిన కాగితంతోనే నా ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు తింటున్న పెన్షను కూడా దాంతోనే.

ఏడ్చానని రాయాలి. ఏడవలేదు.

జూన్ 11

చెప్పేశాను. వసారాలో విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నాం, పాప, నేను. తల ఎత్తకుండా చెప్పాను. పాప చేతులు ఆగలేదు. అయ్యేదాకా ఒలుస్తూనే ఉంది.

"ఆయన ఉండాడా ఇప్పుడు?"

"తెలీదు."

"ఎంక్వైరీలో నిన్ను అడగలేదా?"

"అడిగినారు. బండి బాగుండె అని చెప్పినా."

"ఎవురికి తెలుసు ఇది?"

"నీకే."

ఆఫీసరు కళ్లతో చూసింది. "నాకెందుకు చెప్తాండావు తాతా? నేను ఆయప్ప మాదిరి ఉండాననా?"

బాషా సంగతి చెప్పాను. బ్యాగు పడేది చూశాడని.

"బ్యాగే కదా" అంది. "ఆ పిల్లోని పని నేను చూస్తా."

అది కాదమ్మా అన్నాను. రేపు నువ్వు ఎక్కే మిషను ఇంకొకడు సిద్ధం చేస్తాడు, నట్టు బిగించేది వాడు, నూనె చూసేది వాడు, అని... ఇంకా ఏదో చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"నీ మాట బయటికి పోతే నా పేరు యాడికి పోతాదో తెల్సా? ఇంక ఎవురికీ చెప్పాకు. నోరు మూసుకో."

"సరే మేడం" అన్నాను. ఎగతాళికి కాదు. అట్లా వచ్చేసింది.

పాప నవ్వుతుందేమో అని చూశాను. చేట తీసుకుని లేచిపోయింది.

జూన్ 12

డోన్ స్టేషను. పాప వాళ్లవ్వకు కాళ్లు మొక్కింది, తల్లిని కరుచుకుంది. నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. గట్టిగా ఊపింది. కొత్తవాళ్లకు ఇచ్చినట్టు.

బండి కదిలాక యోహాను — "ఏమన్నా సలహా చెప్పినావా నాయనా?"

చెప్పినా అన్నాను.

జూన్ 15

బాషాను కారు ఓనరు పనిలోంచి తీసేశాడు. పాప ఫోను చేసిందంట. వాడు బజారులో ఎదురుపడి నన్ను ఒక్క మాటా అనలేదు. వాడి సంగతి పాపకు చేరవేసింది నేనే.

జూన్ 28

పుస్తకాల క్లాసులు జరుగుతున్నాయంట. కోడలు చెప్పింది. "తాతను అడిగినానని చెప్పమన్యాది మామా." అడిగిందో లేదో. కోడలు మంచిది, లేనిది కలిపి చెప్పగలదు.

వాన లేదు. విత్తనం అట్లే ఉంది.

జూలై 6

క్లాసులో రెండో మార్కు వచ్చిందని యోహాను ఫ్యాక్టరీ గేటు దగ్గర లడ్లు పంచాడంట. నేను తినలేదు. మా సాబ్‌కు మొదటి మార్కే వచ్చిందని చెప్పుకునేవాళ్లు.

జూలై 19

రేపు పొద్దున్నే పాపను మొదటిసారి పైకి తీసుకుపోతారంట. ఫోను కలిపి ఇమ్మన్నాను కోడలిని. "క్లాసులో ఉండాదంట మామా, మళ్లా చేస్తాదంట." ఐదు వారాలుగా ఆ మాటే.

రేపు ఈ కాగితం చించి పోస్టు చేస్తాను. అడ్రసు యోహాను దగ్గర ఉంది.

రూతమ్మా.

మిషను పక్కన ఒకడు నిలబడి ఉంటాడు. గోళ్లలో నల్లటి నూనె ఉంటుంది. నీ వైపు చూడడు. వాడి పేరు తెలుసుకో. ఏమన్నా చెప్పాలా అని అడుగు. ఏం లేదు మేడం అంటాడు. నమ్మొద్దు. వాడిని ముందు రోజు ఎవరన్నా తిట్టారేమో, నువ్వే తిట్టావేమో గుర్తు చేసుకో. ఇంకోసారి అడుగు.

నన్ను ఆస్పత్రిలో సాబ్ ఒక్కసారే అడిగాడు. ఇంకోసారి అడిగి ఉంటే చెప్పేవాడిని. చెప్పేవాడినేమో. నాకే తెలియదు.

నన్ను చెడ్డవాడనుకో. నాతో మాట్లాడొద్దు. కానీ వాడిని అడిగినానని ఒక ముక్క రాయి, తిట్టి రాసినా సరే. రేపటికి ఈ కాగితం నీకు అందదు. అయినా తొందరగా జవాబు రాయి.