అక్క ఇస్త్రీ చేసిన దుప్పట్లు

అక్టోబరు 20

డాక్టరు నన్నూ సిరినో బావనూ వరండాలోకి పిలిచి చెప్పాడు. వెనెరా అక్కకు చెప్పలేదు. మా దగ్గర అంతే. జబ్బు ఒకరిది, కబురు ఇంకొకరిది. దాని పేరు మేము పైకి అనము, పాడు జబ్బు అంటాము. ఇది నేనొక్కణ్ణే చూసుకునే నోట్‌బుక్కు, అయినా ఆ పేరు రాయడానికి చెయ్యి రావడం లేదు.

క్రిస్మస్ దాకా కష్టం అన్నాడు.

లోపలికి వెళ్లేసరికి అక్క కోటు వేసుకుని, బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒరేయ్ మేలో, ఏమన్నాడురా, అని నన్నడిగింది. అల్సరు, అన్నాడు బావ గోడకేసి చూస్తూ. కారం మానేసి మొగుణ్ణి కొరుక్కు తినమన్నాడు, అన్నాను నేను. ఆయనలో కొరకడానికేముందిరా బొమికలు తప్ప, అని నవ్వింది.

అక్టోబరు 21

బావ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. అక్కకు చెప్పకూడదు. చిన్నక్కకు అసలే చెప్పకూడదు, దాని చెవిలో వేస్తే చర్చి గంట కొట్టినట్టే అన్నాడు.

చిన్నక్క ఆల్ఫియా. అక్క ఇంటికి నాలుగు గుమ్మాల అవతల ఉంటుంది. ఇద్దరికీ పదకొండేళ్లుగా మాటల్లేవు. చావు ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించకూడదు, ఇరుగుపొరుగు వండి తెచ్చిందే తినాలి. అమ్మ పోయిన రోజున ఆల్ఫియా తలనొప్పని చెప్పి అమ్మ వంటింట్లోనే స్టవ్ వెలిగించి కాఫీ పెట్టుకుంది. అమ్మ ఇంకా చల్లబడనే లేదు, నీకు వేడివేడి కాఫీ కావాల్సి వచ్చిందే, అంది అక్క. అంతే. వేలెడంత కప్పు. పదకొండేళ్లు.

ఇవాళ ఊరికే అడిగినట్టు అడిగాను, చిన్నక్కతో ఎప్పుడు మాట్లాడతావని. క్రిస్మస్‌కి చూద్దాంలే, ఇప్పుడు తొందరేముంది, అంది.

అక్టోబరు 22

తొందరేముందట.

అక్టోబరు 23

అక్క లాండ్రీలో ముప్పై ఒక్క ఏళ్లు ఇస్త్రీ చేసింది. అవి వ్యాన్‌లో వేసుకుని హోటళ్లకు చేర్చేది నేను. ఏ దుప్పటి ఏ హోటలుదో కలిసిపోకుండా మూలన ఒక్కో రంగు దారంతో ఒక కుట్టు ఉంటుంది. అక్కకు హోటళ్ల పేర్లు తెలియవు, దారాలే తెలుసు. నీలం దారం వాళ్లు మంచం మీద వైన్ తాగుతారు. ఎరుపు దారం వాళ్లు ఒంటికి పూసుకున్న క్రీము కడుక్కోకుండానే పడుకుంటారు. పసుపు దారం వాళ్లు ఏడుస్తారు, దిండు గలీబుల నిండా కాటుక. ఇవన్నీ చెబుతుంది గానీ ఆ మంచాల్లో ఒక్కటి కూడా కళ్లతో చూడలేదు.

సీజన్ అయిపోయింది, గదులు ఖాళీ. ఇరవై ఏళ్లుగా వెనక గుమ్మంలో నాతో సిగరెట్లు కాల్చిన మేనేజర్లందరి దగ్గరికీ వెళ్లాను. ఐదు హోటళ్లు, ఒక్కో చోట ఒక్కో రాత్రి. అక్కకు మాత్రం, హోటళ్ల సంఘం వాళ్లు చీట్లు వేస్తే నీ పేరు వచ్చిందని చెప్పాను. దొంగ ముద్ర గుద్దిన ఉత్తరం కూడా చూపించాను. పోయిన ఏడాది బిషప్ గొంతుతో, మీ ఇంటికి భోజనానికి వస్తున్నామని ఫోన్ చేసి ఆమె చేత పద్నాలుగు మందికి వంట చేయించింది నేనే. అయినా ఉత్తరం చదివి కళ్లనీళ్లు పెట్టుకుంది. అబద్ధమైతే వెంటనే నమ్ముతుంది మా అక్క.

బావ రానన్నాడు. దాని మొహం చూస్తే నాకు ఏడుపొచ్చేస్తుందిరా, నువ్వే తీసుకెళ్లు, నువ్వు మాత్రమే చెయ్యగల పని ఇది, అన్నాడు. పొగిడాడో తిట్టాడో తెలియలేదు.

అక్టోబరు 26. నీలం దారం, తావోర్మీనా

లాండ్రీ వ్యాన్‌లోనే వచ్చాము. గేటు దగ్గరవాడు అలవాటుగా వెనక గుమ్మానికి వెళ్లమని చెయ్యి ఊపాడు. మూటలు తేలేదురా, మహారాణిని తెచ్చాను, అని అరిచాను. రిసెప్షన్ పిల్ల అమ్మగారూ అని పిలిస్తే అక్క వెనక్కి తిరిగి ఎవరినా అని చూసింది.

గదిలోకి వెళ్లగానే అందరూ బాల్కనీలోకి పరిగెడతారు, సముద్రం కోసం. అక్క తిన్నగా మంచం దగ్గరికి వెళ్లి, కప్పింది తీసి, దుప్పటి మూల పట్టుకు చూసింది. ఇది నాది కాదు, మా లాండ్రీలో కొంచెత్తా లేదూ, అది మడిచింది, దానిది ఎడమచేతి వాటం, అంది. తరువాత పరాయి వాళ్ల మంచం మీద పడుకున్నట్టు అంచున పడుకుంది. కాస్త మధ్యకు జరగమన్నాను. నలిగిపోతుందిరా, అంది.

సూపు రెండు చెంచాలు తాగింది.

అక్టోబరు 27. ఆకుపచ్చ దారం, కొండ మీద ద్రాక్షతోటల్లో

పొద్దున్న కొండ బూడిద కక్కింది, అగ్నిపర్వతం కదా. హోటలు వాళ్లు చీపుళ్లు పట్టుకుని పరుగులు. కొండ ఉరిమితే చాలు, అక్క ముప్పై ఒక్క ఏళ్లూ డాబా మీదికి పరుగెత్తి ఆరేసిన దుప్పట్లన్నీ లోపలికి లాగేది. ఇవాళ కుర్చీలో కాళ్లు చాపుకుని కూర్చుంది. జుట్టు నిండా నల్లటి పొడి. లోపలికి రమ్మంటే, పడనీరా, ఇవాళ పాడయ్యే బట్టలు నావి కావుగా, అంది.

నేను ఊరుకుంటానా. లేపవద్దు అని తలుపులకు తగిలించే అట్టలన్నీ పోగుచేసి మేనేజరు గది తలుపుకే పదిహేడు తగిలించాను. అక్క మెట్ల మీద నిలబడి పగలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పాలిపోయింది. కడుపు పట్టుకుని మెట్టు మీద కూలబడింది. ఊపిరి అందాక, అల్సరు ఇంత నొప్పి పెడుతుందారా, అంది.

పెడుతుంది, అన్నాను. ఇన్నేళ్లలో నేను ఆడిన అబద్ధాల్లో ఎవరికీ నవ్వు రానిది అదొక్కటే.

అక్టోబరు 28. ఎరుపు దారం, సిరకూసా

పగలంతా పడుకునే ఉంది. కిటికీ తెరవమంది. ఈ సముద్రం ఆల్ఫియాకి నచ్చేదిరా, అంది. ఫోన్ చెయ్యమన్నాను. క్రిస్మస్‌కి, అంది.

అక్టోబరు 29, మధ్యాహ్నం. పసుపు దారం, నోతో ఊరు

చెప్పేశాను.

టెర్రస్ మీద కూర్చున్నాము. బాదంపాల ఐసు తెచ్చిపెట్టారు. అక్క ముట్టుకోలేదు, చెంచాతో గీతలు గీస్తూ కూర్చుంది. పుట్టినరోజుకు, అంటే వచ్చే మార్చికి, కొత్త కోటు కొనుక్కుంటాను, ఇది వదులైపోయింది అంది. మార్చి అనగానే నాకు ఏమయిందో తెలియదు. అక్కా, మార్చి లేదు, అన్నాను. అల్సరు కాదు. పాడు జబ్బు. డాక్టరు మా ఇద్దరికీ చెప్పాడు. క్రిస్మస్ దాకా కూడా ఉండవన్నాడు. చిన్నక్కతో మాట్లాడేదేమైనా ఉంటే ఇప్పుడే మాట్లాడు. మొత్తం ఒక్క ఊపిరిలో అనేశాను. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి.

అక్క నన్ను అటూ ఇటూ తిప్పి చూసినట్టు చూసింది. తరువాత నవ్వింది. ఓరి నీ మొహం మండా, ఏడుపు కూడా నేర్చావురా, అంది. పోయినేడు బిషప్పువి, ఈ ఏడు డాక్టరువా, అంది. కాదక్కా నిజం, అన్నాను. బిషప్పు కూడా నిజం అనే అన్నాడు, అంది. అమ్మ మీద ఒట్టు, అన్నాను. అప్పుడూ అమ్మ మీదే ఒట్టేశావు, పద్నాలుగు మందికి వంకాయలు వేయించాను, మోచేతుల దాకా నూనె చిందింది, అంది. పక్క టేబులు వాళ్లు మా వైపు చూసి వాళ్లూ నవ్వారు.

బావకు ఫోన్ చేసింది. నాకూ వినబడేంత గట్టిగా అరిచాడు. వాడి మాటలు నమ్ముతావేమిటే, అల్సరే, కాగితం మీద అల్సరనే ఉంది, ఆ వెధవను నా కంటపడనీ, అన్నాడు. చూశావా, అంది నాతో, గెలిచినట్టు.

నమ్మలేదో, నమ్మదలచుకోలేదో నాకు తెలియదు. నా పాపం నాకు తెలుసు. యాభై మూడేళ్లు నోటితో బతికాను. కావలసిన ఒక్కరోజున ఆ నోరు పనికిరాలేదు.

అదే రోజు, సాయంత్రం

అక్కకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ నవ్వాను గనక నీకు అలుసైపోయాను, చావు మీద హాస్యమేమిటి, నిన్ను తిట్టడం నా వల్ల కాదు, నిన్ను తిట్టగలిగేది అదొక్కతే, అంది. ఫోన్ తీసింది. పదకొండేళ్లుగా నొక్కని నంబరు, చూడకుండానే నొక్కింది.

ఆల్ఫియా, నేనే, అంది. నీ తమ్ముడు ఏం చేశాడో తెలుసా, నేను చచ్చిపోతున్నానని నా మొహం మీదే చెప్పాడే, అంది. అవతల నుంచి, చిన్నప్పుడు అమ్మ నోట విన్నట్టే విన్నాను, తిట్లు, ఒకదాని మీద ఒకటి. అక్క ఫోన్ చెవికి దూరంగా పెట్టి నాకు వినిపిస్తూ కూర్చుంది. సంతోషంతో మొహం వెలిగిపోయింది.

రేపు బస్సెక్కి వస్తుందట. నన్ను కొట్టడానికి.

అక్టోబరు 30. ఎరుపు తెలుపు రెండు దారాలు, సముద్రం ఒడ్డు

వచ్చింది. ముందు నన్ను కొట్టింది, రిసెప్షన్‌లో, అందరి ముందు. తరువాత అక్కను చూసి ఆగిపోయింది. ఇంత చిక్కిపోయావేమే, అంది. అల్సరే, ఏమీ తిననివ్వదు, అంది అక్క. నువ్వు లావైపోయావు, అంది. వేడి కాఫీలు తాగి, అంది ఆల్ఫియా. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరు ముందు నవ్వారో నేను చూడలేదు, కళ్లు తుడుచుకుంటున్నాను, చెంప మండుతోంది.

భోజనాల దగ్గర ఆల్ఫియా నా చెయ్యి పట్టుకుని, హాస్యమే కదరా, చెప్పు, అంది. అక్క వింటోంది. హాస్యమే, అన్నాను. సిగ్గులేదా? లేదు, అన్నాను.

సాయంత్రం ఆల్ఫియా అక్కకు స్నానం చేయించింది. ఆ బాత్‌టబ్బులో ఒక్కతే దిగడానికి అక్కకు భయం. కాసేపటికి తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చింది. చేతులు మోచేతుల దాకా తడి. నా వైపు చూడలేదు. గోడతో మాట్లాడినట్టు, ఎన్నాళ్లన్నాడు, అంది.

క్రిస్మస్, అన్నాను.

తలుపు అవతల నుంచి అక్క కేక వేసింది, నీళ్లు చల్లారిపోతున్నాయే, వాడితో ఏం గుసగుసలు అని. వాణ్ణి ఇంకో రెండు తిట్టి వస్తున్నా, అంది ఆల్ఫియా. లోపలికి వెళ్లింది.

నవంబరు 15

వీధిలో అందరికీ అక్క చెప్పేసింది, మేలోగాడు నన్ను చంపేశాడు తెలుసా అని. రొట్టెల కొట్టు ఆమె నన్ను చూసి, ఇవాళ ఎవర్ని చంపుతున్నావు, అంటుంది. నేనూ ఏదో ఒకటి అంటాను. నవ్వుతారు.

ఆల్ఫియా రోజూ పొద్దున్నే నాలుగు గుమ్మాలు నడిచి అక్క దగ్గరికి వెళుతుంది, చీకటి పడ్డాక తిరిగొస్తుంది. చర్చి గంట అన్నాడు బావ. ఇంతవరకూ ఒక్కరి దగ్గరా నోరు విప్పలేదు.

నవంబరు 29

అక్క ఇక మంచం దిగడం లేదు. ఇవాళ ఆమె కింద దుప్పటి మార్చాము. ఆల్ఫియా అటు, నేను ఇటు. మూలలు సరిగ్గా మడవలేదని ఇద్దర్నీ తిట్టింది.

డిసెంబరు 9

వీధి గోడలకు అంటించే చావు కబురు అచ్చు వేయించాలని, ప్రెస్సు నడిపే తానోకు ఫోన్ చేశాను. అక్క పేరు చెప్పాను. చాల్లేరా మేలో, మళ్లీ మొదలెట్టావా, ఫోన్ ఇంట్లో ఇంకెవరికైనా ఇవ్వు, అన్నాడు.

చిన్నక్కకు ఇచ్చాను.