నేను అనని మాట

ఆదివారం, రామచంద్రపురం

పాత బాల్ బ్యాడ్మింటన్ ఆటగాళ్ళకని హైస్కూల్లో సన్మానం పెట్టి నాకూ ఒక శాలువా కప్పారు. మా ఆవిడ ముందు వరసలో కూర్చుంది. అప్పటి మా కెప్టెన్ సత్తిరాజు మైకు అందుకుని మళ్ళీ ఆ ఫైనల్ కథే ఎత్తుకున్నాడు.

"సెంటర్లో నిలబడి వీడు వదిలెయ్ అని అరిచాడండి. నేను వదిలేశాను. బంతి గీత మీద పడింది, కప్పు పోయింది."

అందరూ నవ్వారు. ఆ శాలువాతోనే వాడి నోరు కట్టెయ్యాలనిపించింది.

ఐదుగురి ఆటలో ఏ బంతి వదలాలో చెప్పాల్సింది సెంటర్ వాడే, నిజమే. కానీ ఆ రోజు నేను నోరు తెరవలేదు. బయట పడుతుందనుకుని వాడే వదిలాడు. ఆట అయ్యాక పంపు దగ్గర నా చెయ్యి పట్టుకుని, "వచ్చే వారం స్పోర్ట్స్ కోటా ఇంటర్వ్యూరా, నువ్వే అన్నానని చెప్పు" అని బతిమాలాడు. చెప్పాను. వాడికి ఉద్యోగం వచ్చింది. నన్ను ఆ తర్వాత ఏ జట్టూ పిలవలేదు.

ఇవాళ భోజనాల దగ్గర అడిగాను. "సత్తీ, నిజంగా నేను అన్నానా?"

"అదేంట్రా, అరిచింది నువ్వే కదా."

కళ్ళలో ఏ తడబాటూ లేదు. నమ్మేశాడు. అబద్ధమాడితే నాలుగు తిట్టేవాణ్ణి. నమ్మినవాణ్ణి ఏం చెయ్యను?

ఇంటికొచ్చాక శాలువా మడతపెడుతూ మా ఆవిడ మెల్లగా అంది, "పోనీలెండి, పొరపాటు ఎవరికైనా జరుగుద్ది."

నలభై ఏళ్ళ కాపురం. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా నన్ను క్షమించేసింది.