మీ స్వార్థం ఏమిటో తెలుపగలరు

తూంకుంట,
9–4–2001

గౌరవనీయులైన బాలమల్లు గారికి,

పట్టాభిరామయ్య నమస్కరించి వ్రాయునది. మీ పొలంలో మిగిలిన బోరు నుంచి మా కాలనీకి పైపు వేయిస్తున్నారనీ, నీళ్లు ఊరికే ఇస్తానన్నారనీ మా ఆవిడ శేషారత్నం చెప్పింది. మిగతా పదకొండు ఇళ్లవాళ్లూ సంతోషించారు. నాకు మాత్రం అనుమానం వచ్చింది. జీడిమెట్ల ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు సరుకుల కొనుగోలు చూసినవాణ్ణి. ఊరికే ఇస్తానన్నవాడి శాంపిల్‌ను రెండుసార్లు పరీక్ష చేయించేవాణ్ణి.

రిటైరయ్యాక తత్వశాస్త్రం చదువుతున్నాను. అందులో వ్యక్తివాదం అని ఒకటుంది. మనిషి ఏ పనైనా తన మేలు కోసమే చేస్తాడు, చేయాలి కూడా. మీకేం కావాలో మీరు చెప్పండి, నాకేం కావాలో నేను చెబుతాను, ఇద్దరికీ కుదిరితే ఇచ్చిపుచ్చుకుందాం. ఇందులో మోసానికి చోటు లేదు. పరోపకారి దగ్గరే భయం, ఎందుకంటే ఆయనకేం కావాలో ఆయన బయటపెట్టడు. కాబట్టి ఈ నీళ్ల వెనక మీ స్వార్థం ఏమిటో తెలుపగలరు. అంతవరకు మా ఇంటికి పైపు వద్దు.

ఇట్లు,
వి. పట్టాభిరామయ్య

తా.క.: స్వార్థం అన్నానని నొచ్చుకోకండి. నా దృష్టిలో అది పొగడ్త.


తూంకుంట,
13–4–2001

పట్టాభిరామయ్య సారుకు బాలమల్లు దండాలు.

రోడ్డుకు గా పక్క మీరు, గీ పక్క నేను. మీ ఉత్తరం శామీర్‌పేట దాక పోయి మూడు దినాలకు నా ఇంటికొచ్చింది. కోర్టు కాయితం అనుకొని మా లక్ష్మమ్మ పరేషాన్ అయింది.

నాకు స్వార్థం ఏం లేదు సారు. నా బోరుల నీళ్లున్నయి, మీ బోర్లు ఎండినయి. గంతే.

మీ సదువు ముచ్చట ఆలోచన జేసిన. ఎవనిది వాడు సూసుకోవాలె అంటున్నరు. మా బర్రె గట్లనే ఉంటది. దానికి ఎవ్వరు పుస్తకం సదివి సెప్పలే.

గని ఇప్పుడు నాకు గూడ అనుమానం వస్తాంది. భూములమ్మి మస్తు మందిని సూసిన. నేను స్వార్థపరుణ్ణి అని సంతకం పెట్టి ఇచ్చేటోన్ని ఎక్కడ సూడలే. గీ కాయితం ఎనక ఏందో ఉన్నది. నా బోరు మీద కన్నేసిండ్రా, ఏంది?

ఉంట మరి,
బాలమల్లు

తా.క.: మీ ఇంటామె రోజు పొద్దుగాల మా ఇంటికెల్లి నాలుగు బిందెలు తీస్కపోతాంది. ఆమె స్వార్థం ఏందో మా లక్ష్మమ్మ అడగలే.


తూంకుంట,
17–4–2001

బాలమల్లు గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక శేషారత్నాన్ని నిలదీశాను.

"ఆ నీళ్లెందుకు తెస్తున్నావు?" అన్నాను.

"మీ స్నానానికి" అంది.

"అయితే అది త్యాగం. నేనొప్పుకోను."

"త్యాగమా పాడా, ఈ ఎండల్లో రోజంతా మీ పక్కన కూర్చునేది నేను" అంది.

ముప్పై నాలుగేళ్ల కాపురంలో నా సిద్ధాంతాన్ని ఆవిడ ఒప్పుకోవడం ఇదే మొదలు.

బర్రెతో పోల్చారు. బర్రె పక్కదాని మేత అడగకుండా లాక్కుంటుంది. వ్యక్తివాది అడిగి తీసుకుంటాడు. తేడా అక్కడుంది.

ఇక, స్వార్థం లేదన్న మీ మాటతోనే నా అనుమానం బలపడింది. మీరు సర్పంచిగా నిలబడతారని కొందరంటున్నారు. నేనైతే, పైపు పేరుతో మా స్థలాల్లో మీకేదో హక్కు పుడుతుందేమోనని చూస్తున్నాను. మేడ్చల్ వెళ్లి పాత దస్తావేజుల నకళ్లకు దరఖాస్తు పెట్టాను. ముప్పయ్యో తేదీ సోమవారం సర్వేయరు వచ్చి హద్దులు కొలుస్తాడు.

ఇట్లు,
వి. పట్టాభిరామయ్య

తా.క.: ఆ రోజు గొలుసు పట్టుకుని ఒకాయన తిరుగుతాడు. దయచేసి మీ కుక్కను కట్టేయండి.


తూంకుంట,
20–4–2001

సారుకు బాలమల్లు దండాలు.

సర్వే వద్దు సారు. సేతులు జోడిస్తున్న. సర్పంచిగ నిలబడ అని గుడిల ప్రమాణం జేయమంటే జేస్త. పైపు పీకమంటే పీకుత. హద్దులు మాత్రం కొలువకుండ్రి. పాత రాళ్లు పాతనే ఉండనీయుండ్రి. ఎందుకని మాత్రం అడగొద్దు.

మీ
బాలమల్లు

తా.క.: కుక్కకు సెప్పిన. అది ఎవ్వరి మాట ఇనదు. మీ పార్టీనే.


తూంకుంట,
2–5–2001

బాలమల్లు గారికి,

మీరు వద్దన్నకొద్దీ, దొంగ దొరికాడనే అనుకున్నాను. సర్వే చేయించాను. దొంగ దొరికిన మాట నిజమే. ఆ దొంగను నేనే.

మా తూర్పు ప్రహరీ గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండడుగులు, రోడ్డుకు ఇటువైపు మీకు మిగిలిన స్థలంలో ఉంది. ఎనిమిదేళ్ల కిందట మేస్త్రి ఏదో రాయిని హద్దు రాయి అనుకున్నాడు. నేను సరిచూసుకోలేదు. సర్వేయరు నన్ను పక్కకు పిలిచి, "ఇది కాగితం మీద పెట్టమంటారా?" అని అడిగాడు. నా మేలు చూసుకుంటే వద్దనాలి. రెండు రోజులు ఆ మాటే నమలుతూ కూర్చున్నాను. చివరికి, పెట్టమనే కబురు పంపాను. అడగకుండా తీసుకున్నాక నేను ఏ వాదానికి చెందినవాణ్ణో తెలియడం లేదు.

పదమూడో తేదీ ఆదివారం గోడ కూలగొట్టిస్తాను. మేస్త్రికి చెప్పేశాను. మిమ్మల్ని శంకించినందుకు క్షమించండి.

సిగ్గుతో,
పట్టాభిరామయ్య

తా.క.: గోడతో పాటు స్నానాలగది కూడా పోతుంది. ఆ సంగతి శేషారత్నానికి ఇంకా చెప్పలేదు. మీకు రాయడమే తేలికనిపించింది.


తూంకుంట,
6–5–2001

పట్టాభిరామయ్య సారుకు బాలమల్లు దండాలు.

గోడ ముచ్చట మీరు పునాది తవ్విన దినమే నాకెరుక. సెప్దామనే వచ్చిన. మీరు కుర్చీ ఏసిండ్రు. కాఫీ ఇచ్చిండ్రు. "ఇక్కడ మీ ద్రాక్ష పందిళ్లు ఉండేవట కదా, ఎట్లా ఉండేవి?" అని అడిగిండ్రు. నా కాడ జాగ కొన్నోళ్లంత హద్దులు అడిగినోళ్లే. అంతకుముందు ఆడ ఏమున్నదో అడిగింది మీరొక్కరే. గంటసేపు సెప్పిన. ఇంటికొచ్చినంక యాదికొచ్చింది, గోడ ముచ్చట సెప్పనే లేదని. తెల్లారేసరికి పునాదిల రాళ్లు పడ్డయి. ఇగ సెప్తే మీరు మొఖం సాటేస్తరని ఊకున్న.

స్వార్థం లేదని అబద్ధం రాసిన సారు. ఉన్నది. తోట ఉన్నప్పుడు ఆ బోరు కాడ పొద్దుగాల ఇరవై మంది కూలోళ్లు నిలబడి "బాలమల్లన్నా, మోటరు ఎయ్యి" అని పిలుస్తుండె. భూమి అమ్మినంక నా పేరు పెట్టి పిలిచేటోళ్లే లేరు. నీళ్లిస్తే, రానినాడు ఎవరో ఒకరు గేటు కాడికొచ్చి పిలుస్తరు గదా. గిది నోటితోని సెప్పనీకి సిగ్గయింది.

ఇగ ఒక మాట ఇనుండ్రి. గా రెండడుగుల జాగ నాది. దాని మీద గోడ ఉండాల్నా పోవాల్నా నా ఇష్టం. నా ఇష్టం లేకుండ ఒక్క ఇటుక పీకినా కేసేస్త. మీ పుస్తకం గిదే సెప్తది గదా?

మీ
బాలమల్లు

తా.క.: మేస్త్రికి రావద్దని సెప్పిన. మీ ఇంటికి పైపు గూడ ఏయించిన. రేపు పొద్దుగాల నేను మోటరు ఎయ్య. ఉత్తరం రాయకుండ్రి. గేటు కాడికొచ్చి పిలువుండ్రి.