నీ మూడు శనివారాలు

సువార్తా,

అన్నయ్యను. నువ్వు మమ్మల్ని వదిలి వెళ్లి పదకొండు నెలలయింది.

ఉద్యోగం రాగానే గుంటూరు తీసుకెళ్లి నీకు పియానో నేర్పిస్తానని మాటిచ్చాను. అప్పుడు నాకు పంతొమ్మిది, నీకు పధ్నాలుగు. ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, ఇంట్లో రెండు బీరువాల పుస్తకాలు చేరాయి. ఆ మాట మాత్రం మాటగానే ఉండిపోయింది. నువ్వు ఒక్కసారీ గుర్తు చెయ్యలేదు. ఎందుకు చెయ్యలేదమ్మా?

ఇప్పుడు చెబితే నవ్వుతావు. డెబ్భై నాలుగేళ్ల వయసులో నేను నేర్చుకుంటున్నాను. శనివారం శనివారం నల్లపాడు నుంచి ఆటో ఎక్కి ఒక కాలేజీకి వెళ్తున్నాను. వయసుతో పని లేదన్నారు. పదహారు మందిమి, ఎనిమిది కరెంటు పియానోలు, ఒక్కోదానికి ఇద్దరు. వంతులవారీగా వాయించాలి. చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటాయి కాబట్టి పక్కనున్నవాళ్లకు వేళ్లతో నొక్కే మెట్ల టకటక తప్ప ఏమీ వినబడదు.

టీచరు మార్టూరు అమ్మాయి. పాతికేళ్లుండవు. నిమ్మకాయ పట్టుకున్నట్టు వేళ్లు వంచాలంటుంది. తొలిరోజు వేళ్లకు అంకెలు వేసింది, బొటనవేలు ఒకటి, చిటికెనవేలు ఐదు. నా నాలుగో వేలు మాట వినదు. ఇన్నేళ్లూ నాతో ఉండి, ఉంగరం మొయ్యడం తప్ప ఏ పనీ నేర్చుకోని వేలు అది.

ఒకరోజు ఆ అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసెయ్యమంది. ఎనిమిది మందిమి ఒక్కసారి మొదలుపెట్టాం. ఐదే స్వరాలు... పైకి వెళ్లి కిందికి రావడం, అంతే. నేను నొక్కిన స్వరం తక్కినవాళ్ల స్వరంలో కలిసిపోయింది. వాటిలో నాది ఏదో నాకే తెలియలేదు. బతుకంతా నా గొంతు వేరుగా వినబడాలని వాదులాడినవాణ్ణి కదా... చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. సంగీతం మీద నేను చదివిన పుస్తకాల్లో ఒక్కటీ ఈ సంగతి చెప్పలేదు.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. మన ఊరి చర్చిలో దొరలు వదిలి వెళ్లిన పాత పియానో. పాస్టరుగారి భార్య నలుగురు పిల్లలకు నేర్పేది. నీ పాఠం సవ్యంగా సాగింది మూడు శనివారాలే. మూడో వారానికే రెండు చేతులతో కీర్తన వాయించావు. సెలవులకు వచ్చిన నేను చర్చి గుమ్మంలో నిలబడి విన్నాను. ఎలా వాయించావే అంటే, "ఏముంది అన్నయ్యా, ఎడం చెయ్యి నడుస్తా ఉంటది, కుడి చెయ్యి మాట్లాడతా ఉంటది, అంతేగా," అన్నావు.

అంతేనా? ఆ 'అంతే' నాకు పట్టుబడడానికి రెండు నెలలు పట్టింది. ఎవరు నేర్పారే నీకు? పొద్దంతా మిరపకాయలు కోసే వేళ్లకు ఆ నడక ఎలా తెలిసింది?

నాలుగో శనివారం నీ తర్వాత సంఘపెద్ద యేసురత్నం కూతురు ఆ మెట్ల మీద వాయించి, కళ్లు నులుముకుని, మంటో అని ఏడ్చింది. యేసురత్నం వచ్చి, మిరప చేతులతో దేవుడి పెట్టె ముట్టుకుంటారా అని మూత మూశాడు. మళ్లీ నిన్ను దాని దగ్గరికి రానివ్వలేదు. ఆ మంట అబద్ధమనీ, కూలివాళ్ల పిల్లను లేపడానికి ఆడిన నాటకమనీ యాభై ఐదేళ్లు నమ్మాను. యేసురత్నం పోతే సమాధి దగ్గరికి కూడా వెళ్లలేదు.

పోయిన శనివారం పొద్దున మీ వదిన ఈ యేటి కారానికని కాయలు గుమ్మరించి, నన్ను తొడిమలు తియ్యమంది. తీశాను. సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగి క్లాసుకు వెళ్లాను. సబ్బుకు లొంగేదా అది? నా వంతు అయ్యాక, నా జోడీగా కూర్చునే బీకాం పిల్ల హారిక వాయించింది. కాసేపటికి కన్ను నులుముకుంది. కెవ్వుమంది.

తప్పు నాదేనని లేచి నిలబడ్డాను. మూత మూసే చెయ్యి కోసం చూశాను...

మార్టూరు అమ్మాయి హారిక కంటిని చన్నీళ్లతో కడిగించింది. క్యాంటీన్ నుంచి చెంచాడు కొబ్బరినూనె తెప్పించి, నా చేతులు పట్టుకుని ఒక్కో వేలికీ రాసి తుడిచింది. నూనె గుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి మెట్లు తుడిచింది. ఇంట్లో వాళ్లమ్మ కూడా ఈ వారం ఇదే పనిలో ఉందని హారిక ముక్కు చీదుకుంటూ చెప్పింది. అందరూ నవ్వారు. పావుగంట కూడా పట్టలేదు. మళ్లీ నన్నే కూర్చోబెట్టారు. నూనె వేళ్లతో, రెండు చేతులతో, తప్పు లేకుండా చివరిదాకా వాయించాను. ఎడమ చెయ్యి నడిచింది సువార్తా. కుడి చెయ్యి మాట్లాడింది.

చెంచాడు నూనె. అంతే కావలసింది.

అంటే యేసురత్నం కూతురి కళ్లు నిజంగానే మండాయి. అతను నోటి దురుసు మనిషే, కానీ అబద్ధమాడలేదు. నాకు దొరికిన కొత్త ప్రశ్న వేరే. ఆ శనివారం పొద్దుటి నుంచి నువ్వు తొడిమలు తీసింది ఎవరి కాయలకు? పాఠం చెబుతున్నందుకు పాస్టరమ్మగారి వరండాలో కూర్చుని, ఆవిడ ఇంటి కాయలకే తీశావు. యేసురత్నం అరుస్తుంటే ఆవిడ పక్కనే నిలబడి ఉంది. కాయలు నావేనండీ అని ఒక్క మాట అనలేదు. వంటింట్లో నూనె లేకనా?

"అమ్మగారు బంగారం అన్నయ్యా. ఆ మగోళ్లలో ఆవిడ మాట ఎవరింటారు?" ఆసుపత్రి మంచం మీద కూడా అదే అన్నావు. నీ మాట కాదనలేక ఇన్నాళ్లూ తప్పంతా యేసురత్నం నెత్తినే పెట్టాను.

నేనూ మాట తప్పినవాణ్ణే. నాకు తెలుసు. అయినా నీ వేళ్లలో ఏముందో ఆ రోజుల్లో ఊరు మొత్తం మీద తెలిసిన మనిషి ఆవిడ ఒక్కతే. తెలిసీ నోరు మూసుకుంది. నీకు కోపం వస్తుందని తెలిసినా ఆవిడ పేరు రాస్తున్నాను.

దీనమ్మగారు.