ఫరుష్కుకి నన్ను చూపించండి

ఎష్ట్రెలా కొండల్లో వాల్ దె ఉర్జ గ్రామ నివాసి, కీర్తిశేషులు అమాందియో గారి భార్య దెయొలిండా అను నేను, ఊపిరితిత్తులు తప్ప మిగతావన్నీ సరిగానే పనిచేస్తుండగా, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా వంటింటి బల్ల దగ్గర కూర్చుని నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఒత్తిడి లేదన్నాను గానీ, నా రెండు పాదాల మీద తల పెట్టుకుని అరవై కిలోల కుక్క ఒకటి పడుకుని ఉంది. దాన్ని ఒత్తిడి కింద జమకట్టనక్కర్లేదని నోటరీ గారు సెలవిచ్చారు.

ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదైనా బయటపడితే అది చెల్లదు. అప్పటికి మా ఆయన బతికే ఉన్నాడు, నేనూ ఇంకో మనిషిని.

1. నా మొదటి షరతు ఆస్తి గురించి కాదు, నా శవం గురించి. నేను ఇంట్లో పోయినా, కింద పట్నంలో ఆసుపత్రిలో పోయినా, సమాధి చేయకముందు నన్ను ఈ వంటింటికి తేవాలి. పెట్టె మూత తీసి నా కుక్క ఫరుష్కుకి నన్ను చూపించాలి. ఇది జరగకపోతే కింద రాసిన పంపకాలేవీ చెల్లవు. ఇల్లూ పొలమూ సమస్తం చర్చికి పోతాయి. ఈ సంగతి ఫాదర్ ఆర్నాల్దో గారికి ముందుగా చెప్పకండి. చెబితే శవాల బండికి అడ్డంగా పడుకున్నా పడుకుంటారు.

2. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యత మా మరిది కూతురు ఫిలొమెనకి అప్పగిస్తున్నాను. ఆ పిల్ల జున్ను కేంద్రానికి పాల బండి నడుపుతుంది. కాబట్టి మంచు పడింది, దారి బాగోలేదు అనే సాకు ఈసారి ఎవరూ చెప్పడానికి వీల్లేదు. శవాల బండి మా ఇంటి ఎత్తు ఎక్కకపోతే పాల బండి ఎక్కుతుంది. క్యాన్ల పక్కన ప్రయాణం చేయడానికి నాకేమీ అభ్యంతరం లేదు.

3. పై షరతు చూసి నాకు మతి చలించిందని ఎవరైనా కోర్టుకెక్కవచ్చు. అందుకని కారణం రాస్తున్నాను.

మా అత్తవారిది తరతరాల గొర్రెల మంద. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. గొర్రె చచ్చిపోతే, అది రోగంతో చచ్చినా తోడేలు చంపినా, తీసి పారేయకముందు కాపలా కుక్కని పిలిచి చూపించేవాళ్ళు. అది వాసన చూసుకునేదాకా కళేబరాన్ని ఎవరూ ముట్టుకునేవాళ్ళు కాదు. కొత్త కోడలిగా నేను నవ్వితే మా ఆయన నన్ను కసిరాడు. "నవ్వకే. దానికి మనలా అంకెలు రావు గానీ, ఒకటి తగ్గిందంటే తెలుస్తుంది. తగ్గినదాన్ని చూపించకపోతే కొండంతా వెతుక్కుంటుంది" అన్నాడు. మా మామగారు ఒకసారి తొందరలో చచ్చిన గొర్రెని చూపించకుండా లోయలోకి తోయించేశారట. ఆ కుక్క రోజుల తరబడి రాళ్ళలో తిరిగి, అరికాళ్ళు చీరుకుపోయి ఇంటికి చేరిందట. ఆ తర్వాత ఆయన ఆ పొరపాటు మళ్ళీ చేయలేదు.

మోకాళ్ళు పట్టేసి మా ఆయన మందని అమ్మేసిన ఏడాదే, ఆ కాపలా కుక్కల వంశంలో చివరి ఆడకుక్క ఈనుతూ చనిపోయింది. ఒక్క పిల్ల బతికింది. దాన్ని గొంగళిలో చుట్టి తెచ్చి పొయ్యి పక్కన పెట్టాడు. కాపలా కుక్కని ఇంట్లో పెంచకూడదు, దొడ్డిలో గొర్రెపిల్లల మధ్య పెంచాలి. పెంచడానికి దొడ్డిలో గొర్రెలేవీ? మొహమంతా నల్లగా ఉందని మసిమొహం వాడనే అర్థంలో ఫరుష్కు అని పిలిచాం. వాడు చుట్టూ చూసి, మంద అంటే మేమిద్దరమే కాబోలు అనుకున్నాడు. ఇక అంతే. మా ఆయన పెరట్లోకి పోతే వాకిట్లో నిలబడి ఒక కన్ను ఆయన మీద, ఒక కన్ను నా మీద వేసేవాడు. ఇద్దరం ఒక గదిలోకి వచ్చాకే నడుం వాల్చేవాడు. మేం పోట్లాడుకుని చెరొక గదిలో కూర్చుంటే వాడి పాట్లు చూడలేక రాజీ పడేవాళ్ళం. మా కాపురం చివరి రోజుల్లో అంత చల్లగా సాగిందంటే సగం పుణ్యం వాడిదే.

4. ఫాదర్ ఆర్నాల్దో గారికి మా వంటింట్లోని వెడల్పాటి చెక్క కుర్చీ ఇస్తున్నాను. ఇల్లు దీవించడానికి వచ్చిన రోజు ఫరుష్కు ఆయన్ని కూడా మందలో కలిపేసుకున్నాడు. వెళ్ళబోతే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. కరవలేదు, అరవలేదు, ఊరికే నిలబడ్డాడు. భోజనం వేళ దాటేదాకా ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని నా క్యాబేజీ సూపు రెండుసార్లు పోయించుకున్నారు. "ఇదేం కుక్కమ్మా, బిషప్పు కూడా నన్నిలా కూర్చోబెట్టలేదు" అన్నారు. ఆ కుర్చీ మీద ఆయనకి హక్కుంది.

5. పక్కింటి జుల్మీరాకి నా జున్ను అచ్చులూ, పాలు విరగ్గొట్టడానికి ఎండబెట్టి ఉంచిన ముళ్ళపువ్వుల సంచీ. ఫరుష్కు మొరుగుళ్ళ మీద పంచాయతీలో అర్జీ పెట్టింది నువ్వేనని నాకు తెలుసు, జుల్మీరా. నా జున్ను నీ జున్నుకంటే బాగుంటుందనీ తెలుసు. రెండూ మనసులో పెట్టుకోకు.

6. నా తదనంతరం ఈ ఇల్లు, పెరడు, వాగు పక్కన చెస్ట్‌నట్ చెట్ల పొలం దాన విక్రయాది సర్వ హక్కులతో ఫిలొమెనకి చెందుతాయి. ఫరుష్కు వెంట్రుకలు గొర్రె ఉన్నితో కలిపి వడికి అల్లిన చేతుల్లేని స్వెటరు కూడా ఆ పిల్లదే. చలిలో బండి నడిపేవాళ్ళకి అంత వెచ్చనిది బజార్లో దొరకదు. వానలో తడిస్తే మాత్రం కుక్క కంపు కొడుతుంది. తిట్టుకోకమ్మా.

7. ఇప్పుడు ఫిలొమెన తండ్రి, మా మరిది సెవెరీనో విషయం.

మా ఆయనకి ఛాతీలో నొప్పి వచ్చింది పట్టపగలు. అంబులెన్సు వస్తే ఫరుష్కు దాని వెంట వంతెన దాకా పరిగెత్తాడు. అక్కడ ఆగి, నేను ఇంట్లో మిగిలానని గుర్తొచ్చి వెనక్కి వచ్చాడు. మా ఆయన ఆసుపత్రిలోనే పోయాడు. ఏర్పాట్లన్నీ సెవెరీనో చూశాడు. నేను కూర్చున్న చోటనుంచి లేవలేని స్థితిలో ఉన్నాను. అయినా ఒక్క మాట అడిగాను, ఇంటికి తీసుకురమ్మని, ఫరుష్కుకి చూపించమని. "మంచు పడుతోంది వదినా, బండి మీ ఇంటి ఎత్తు ఎక్కదు. అయినా శవం దగ్గరికి కుక్కని తెస్తే నలుగురూ నవ్విపోతారు" అన్నాడు. ఆసుపత్రి నుంచి నేరుగా సమాధుల తోటకి తీసుకుపోయాడు.

ఊళ్ళో ఇంకెవరైనా ఈ మాట అంటే తెలియక అన్నారనుకునేదాన్ని. సెవెరీనో ఆ దొడ్డిలో పుట్టి పెరిగినవాడు. చచ్చిన గొర్రె దగ్గరికి చిన్నప్పుడు కుక్కని తీసుకొచ్చింది వాడే. గొర్రెకి దక్కిన మర్యాద సొంత అన్నకి దక్కనివ్వలేదు. అందుకే ఆనాటినుంచి వాడితో మాట మానేశాను. చర్చిలో వాడు కుడివైపు కూర్చుంటే నేను ఎడమవైపు కూర్చున్నాను.

మర్నాటినుంచి ఫరుష్కు మధ్యాహ్నం కాగానే వంతెన దగ్గరికి పోవడం మొదలుపెట్టాడు. ఆగిన ప్రతి బండినీ వాసన చూసి, చీకటి పడేవేళకి బొచ్చునిండా మంచు గడ్డకట్టి తిరిగొస్తాడు. వాసన చూసైనా ఊరుకుంటాడేమోనని ఒకసారి మా ఆయన గొంగళి తీసి వాడి ముందు పెట్టాను. తోక ఊపుతూ దాన్ని నోట కరుచుకుని వంతెన దగ్గరికి పరిగెత్తాడు. యజమాని చలిలో వస్తున్నాడు, కప్పుకోవాలి కదా అని కాబోలు. వెనక్కి తెచ్చి పెట్టెలో పెట్టి తాళం వేశాను. ఆ రోజు ఏడ్చినంత సమాధి దగ్గర కూడా ఏడవలేదు.

8. ఫరుష్కు వానకీ మొరుగుతాడు, పోస్టుమానుకీ మొరుగుతాడు, ఫాదర్ గారికి రెండింతలు మొరుగుతాడు. అలాంటివాడు ఆదివారం పూజ అయ్యాక మా గేటు దగ్గరికి ఎవరో వస్తే కిక్కురుమనడం లేదని కొన్నాళ్ళకి గమనించాను. వెళ్ళి చూస్తే, ఉప్పు వేయకుండా ఉడికించిన ఎముకలు క్యాబేజీ ఆకులో చుట్టి ఉన్నాయి. ఎవరని ఫిలొమెనని నిలదీశాను. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ, "నాన్నే పెద్దమ్మా. రోజూ వంతెన దగ్గరికి కూడా పోతాడు. కుక్కకి తోడు కూర్చుంటాడు. అమ్మ ఎంత తిట్టినా వినడు" అంది.

నమ్మక ఒక రోజు నేనే పోయి మలుపు దగ్గర నిలబడ్డాను. వంతెన గోడ మీద సెవెరీనో కూర్చున్నాడు. తన గొంగళి తీసి కుక్క వీపు మీద కప్పాడు. ముసలాడు చొక్కాతో వణుకుతున్నాడు. "రాడురా. ఇక రాడు. నీకు చూపించకుండా నేనే పూడ్చేశాను. నన్ను కరవరా, కరిచెయ్యి" అంటున్నాడు. ఫరుష్కు వాడి మోకాలి మీద తల పెట్టి దారివైపే చూస్తున్నాడు.

నేను పలకరించకుండా వచ్చేశాను. పలకరించి ఉండాల్సిందని ఇప్పుడు అందరూ అంటారు. నాకు కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు. కోపం ఉంటూనే మనిషి మీద జాలి కూడా పడొచ్చని మాత్రం ఆ రోజు తెలిసింది.

9. కాబట్టి, చట్టం లెక్కలో చరాస్తిగా పరిగణించబడే, చరించేది ఎక్కువగా అన్నం గిన్నె వైపే అయిన నా కుక్క ఫరుష్కుని మా మరిది సెవెరీనోకి అప్పగిస్తున్నాను. ఫిలొమెనకి ఇవ్వకపోవడం ప్రేమ లేక కాదు. ఆ పిల్ల రోజంతా రోడ్ల మీదే ఉంటుంది, వాడికి కళ్ళెదుట మనిషి కావాలి. సెవెరీనో, వాణ్ణి దొడ్డిలో కట్టేయకు. వాడికి గొర్రెలంటే భయం. పొయ్యి దగ్గర నీ కాళ్ళ మీద పడుకోబెట్టుకో. కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, ఓర్చుకో. నీ పెళ్ళాం సణిగితే, ఇది వదిన ఆఖరి కోరిక అని చెప్పు. అప్పుడు గట్టిగానే సణుగుతుంది, అదీ ఓర్చుకో.

10. తాళం వేసిన పెట్టెలోంచి మా ఆయన గొంగళి తీసి నా శవపెట్టెలో, నా పక్కన పరచండి. ఉతకకండి. నా వాసనా ఆయన వాసనా వాడికి ఒకేచోట తగలాలి. ఇద్దరం ఒక గదిలోకి వచ్చేశామని వాడికి తెలియాలి. అది తెలిస్తే వంతెన దగ్గర పని ఉండదు. తెలుస్తుందో లేదో నేను చెప్పలేను. నా చేతిలో ఉన్న ఉపాయం ఇదొక్కటే.

11. చూపించే పద్ధతి. సెవెరీనో, వాడికి వంటింటి తలుపు నువ్వే తియ్యి. ఇంకెవరూ తీయకూడదు. మీ అన్న పోయినప్పుడు నువ్వు వాడికి తెరవనివ్వని తలుపు అది. ఫరుష్కు వచ్చి వాసన చూస్తాడు. మొహం నాకితే నాకనివ్వండి, పౌడరు మళ్ళీ రాయనక్కర్లేదు. తర్వాత పెట్టె పక్కనే పడుకుంటాడు. మెడ పట్టెడ పట్టుకుని లాగకండి. పేరు పెట్టి పిలవకండి, వాడు మర్యాదస్తుడు, పిలిస్తే మనసు లేకపోయినా లేస్తాడు. గంటలు మోగినా, ఫాదర్ గారు గడియారం చూసుకున్నా, వచ్చినవాళ్ళు నవ్వినా కదలకండి. వాడంతట వాడు లేచి నీ దగ్గరికి నడిచి వచ్చాక, అప్పుడు నన్ను ఎత్తండి.

పై విషయాలన్నీ నేను చదువుకుని, సరిగా ఉన్నాయని సమ్మతించి చేవ్రాలు చేస్తున్నాను.

వాల్ దె ఉర్జ, 2012 నవంబరు 19

(సం.) దెయొలిండా

సాక్షులు:
బెల్మీరో పింటో, రొట్టెల బట్టీ
ఒతీలియా మోటా, మందుల షాపు