నా పేరుతో అచ్చయిన వరుస

జూన్ 11, 1984

వారపత్రిక వచ్చింది. మూడో పేజీలో నా పేరు — సుగుణ, కుట్టు టీచర్, హనుమకొండ. ఐదు కంపెనీల మిషన్లలో ఏది కొనాలో నేను రాసిచ్చిన వ్యాసం. మా శిక్షణ కేంద్రంలో ఆరుగురు అమ్మాయిల చేత నలభై రోజులు కుట్టించి, చూసి రాసింది.

నా వరుసలో కోమలి మిషన్ నాలుగోది. అచ్చులో మొదటిది.

రెండుసార్లు చదివాను. మిగతా మాటలన్నీ నావే. 'మందం గుడ్డ మీద కుట్టు తప్పుతోంది' అన్న వాక్యం ఒక్కటే లేదు.

జూన్ 12

పత్రిక ఆఫీసుకు వెళ్లాను. ఎడిటర్ గారు కుర్చీ లాగి వేశారు, చాయ్ తెప్పించారు.

"ఆఖరి పేజీ నిండ ప్రతి వారం కోమలి సేటు ప్రకటనే కద టీచరమ్మా. అది లేకుంటే పేపరే లేదు. ఆయన ఒక్క మాట అడిగిండు. జర అటూ ఇటూ చేసిన, గంతే."

చదివేవాళ్లకు ఆ సంగతి చెప్పాలి కదా అన్నాను.

"చెప్తే ఇంకెవలు నమ్ముతరు?"

చాయ్ తాగి వచ్చేశాను. తాగకుండా రావాల్సింది.

జూన్ 13

కేంద్రంలో ఉన్నవి పది మిషన్లు. అందులో నాలుగు కోమలి అమ్మే సేటు ఇచ్చినవే. అవి కోమలివి కావు, వేరే కంపెనీవి, గట్టివి. రెండేళ్ల కింద ఒక్కో మిషన్ దగ్గర ముగ్గురు అమ్మాయిలు వంతు కోసం నిలబడుతుంటే చూసి, అడక్కుండానే రిక్షాల మీద పంపించాడు. వాటి మీద తన షాపు పేరు కూడా రాయించుకోలేదు. ఆ రోజు నేను చేతులు జోడించాను. ఆ దండం ఉత్తది కాదు.

అందుకే ఇవాళ నోరు పెగలడం లేదు.

జూన్ 17, ఆదివారం

పొద్దున ప్యాసింజర్‌కు మా ఆయన డోర్నకల్ నుంచి వచ్చారు. రైల్వే డ్యూటీ, వారానికి ఒక్క రోజు ఇల్లు. పత్రిక చూపించాను.

"నువ్వు రాయలేదు కద. నీ తప్పేమున్నది," అన్నారు.

అన్నం తిని చేయి కడుక్కుంటూ — "పేరు మాత్రం నీదే ఉన్నది."



జూన్ 30

కూరగాయల దగ్గర ఎవరో ఆవిడ పలకరించింది. "మీరు రాసింది చూసే కొన్నం టీచరమ్మా, కోమలి." నవ్వాను. నవ్వి, వంకాయలు ఏరుకున్నాను.

జూలై 19

వాన. కేంద్రం కప్పు రెండు చోట్ల కురుస్తోంది. మిషన్లన్నీ ఒక మూలకు జరిపాం. పత్రికకు ఇంకేమీ రాయడం లేదు. అదే ధైర్యం అనుకుంటున్నాను…

ఆగస్టు 21

పరకాల బస్సు దిగి ఒక ఆమె కేంద్రానికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. పాత చీరలో మూట కట్టిన మిషన్ హెడ్‌ను నెత్తిన పెట్టుకుని బస్టాండ్ నుంచి నడిచే వచ్చింది. దించడానికి ఇద్దరం పట్టాల్సి వచ్చింది.

"నువ్వేనా సుగుణమ్మవు? నా పేరు కొమురమ్మ. పేపర్ల నీ పేరున్నదని మా బిడ్డ సదివి చెప్పింది. మేకలమ్మి కొన్న. రెండు నెల్లు కాలె, కుట్టు పడ్తలేదు. నా చేతులదే తప్పేమో, జర చూసి చెప్తవా అని వచ్చిన."

భర్త నడుం పడిపోయి మంచాన ఉన్నాడట. ఊళ్లో లంగాలు, సంచులు కుట్టి ఇల్లు నడుపుదామని కొన్నది.

తప్పు తన చేతులదనుకుంటోంది. ఆ మాట విన్నాక నీళ్లిచ్చే వంకతో లోపలికి వెళ్లాను. కుండ దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

అదే రోజు, సాయంత్రం

మండీ బజార్లో మిషన్లు బాగుచేసే ఖాజా భాయి దగ్గరకు ఇద్దరం రిక్షాలో తీసుకుపోయాం. విప్పాడు. కింది దారం తిప్పే షటిల్ బయటికి తీసి వేలితో తడిమాడు. అరిగి అంచు పోయింది.

"ఈమె చేతుల తప్పు లేదక్కా. లోహమే కచ్చా. కొత్తది ఏసినా మల్ల గిట్లనే అయితది. ఈ నెల ఇది నాలుగోది, అన్ని గీ కంపెనీయే."

కొమురమ్మ ఊపిరి పీల్చుకుంది. "ఇగో, నా తప్పు కాదంట," అంది నాతో. సంతోషంగా.

ఇంక ఆగలేకపోయాను. ఖాజా భాయి ముందే చెప్పేశాను. నేను రాసింది నాలుగో స్థానం. సేటు ప్రకటన కోసం పత్రికలో మార్చారు. నాకు మర్నాడే తెలుసు. రెండు నెలలు నోరు మూసుకున్నాను.

ఆమె పాత చీర కొసలు ముడి వేసింది, మళ్లీ విప్పింది.

"ఎందుకు చెప్పలె?"

కేంద్రానికి ఆయన మిషన్లిచ్చాడు అన్నాను.

"నీకు ఆయన ఇచ్చిండు. నాకెవలు ఇచ్చిన్రు?"

 మళ్లీ తనే — "మా వాడకట్టుల ఇంకిద్దరు గదే కొందామని చూస్తాన్రు. పొయ్యి ఆల్లకు చెప్త. ఇయ్యాలన్న చెప్పినవ్."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ఖాజా భాయి ఆ పూట పనికి ఏమీ తీసుకోలేదు. చాయ్ మాత్రం ముగ్గురికీ తెప్పించాడు.

ఆగస్టు 22

కొమురమ్మ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది. పొద్దున నా మిషన్ ఇచ్చి పంపాను. పెళ్లప్పుడు అమ్మ ఇచ్చింది. వద్దంది. "గిది నీ తల్లి గురుతు, నేనెట్ల తీస్కపోత?" కుదురుకునేదాకా ఉంచుకోమన్నాను. నీకైతే పనికొస్తుంది, నా దగ్గర ఊరికే పడి ఉంటుంది అన్నాను. అబద్ధం. సాయంత్రాలు దాని మీదే కుడతాను.

మిషన్ బస్సు పైకి ఎక్కించేటప్పుడు కండక్టర్ విసుక్కోలేదు, తనే తాడు కట్టాడు. ఇవాళ అందరూ మంచివాళ్లుగా కనిపిస్తున్నారు.

ఆగస్టు 24

దిద్దుబాటు రాసి పత్రికకు ఇచ్చాను. ఎడిటర్ గారు చదివి మడిచి సొరుగులో పెట్టారు.

"ఏస్తే నేను బజార్ల పడ్త. నువ్వు కూడ ఊకుంటే మంచిది, నీ సెంటర్ల నాలుగు మిషన్లు గుర్తుంచుకో."

బెదిరించినట్టు కాదు. నిజంగానే నా గురించి ఫికర్ పడుతున్నట్టే అన్నారు.

ఆగస్టు 26, ఆదివారం

ఈయనకు అంతా చెప్పాను. చాలాసేపు బీడీ వెలిగించుకోకుండానే పట్టుకుని కూర్చున్నారు. తర్వాత లేచి, అటక మీది పాత నల్లబల్ల దించి తడిగుడ్డతో తుడిచారు.

"పేపర్ల ఎయ్యకుంటే ఏమాయె. మీ గేటు ముంగట బస్సులు ఆగుతయి కద."

ఈ మనిషితో పద్నాలుగేళ్లు కాపురం. ఇంత మాట ఈయన దగ్గర ఉందని తెలియదు.

ఆగస్టు 27

గేటుకు బల్ల కట్టాం. ఐదు మిషన్ల పేర్లు, నేను చూసిన వరుసలో. కోమలికి ఎదురుగా — మందం గుడ్డ మీద కుట్టు తప్పుతోంది. కింద మూడు వాక్యాలు: పత్రికలో నా పేరుతో వచ్చిన వరుస నేను రాసింది కాదు. తెలిసీ రెండు నెలలు చెప్పలేదు. ఈ కేంద్రంలోని నాలుగు మిషన్లు కోమలి అమ్మే సేటు ఇచ్చినవి, అది కూడా తెలుసుకుని చదవండి.

ఆఖరి వాక్యం రాయమన్నది నా దగ్గర నేర్చుకునే శారద. "అది రాయకుంటే మనం కూడ దాసినట్టే కద టీచర్."

పందొమ్మిదేళ్ల పిల్ల.

ఆగస్టు 30

సేటు వచ్చాడు. గేటు బయట నిలబడి బల్ల మొత్తం చదివాడు. లోపలికి వచ్చి కూర్చోలేదు.

"నేను మీకు ఇచ్చినప్పుడు ఏమన్న అడిగిన్నా?"

లేదన్నాను. మీరిచ్చిన వాటి మీద అరవై మంది దాకా నేర్చుకున్నారు, ఆ మేలు మరిచిపోను అన్నాను. ఒక్కో మాట మనసారానే అన్నాను.

"మరి గిదేంది?"

పరకాల ఆమె సంగతి చెప్పాను. మేకల సంగతి, తన చేతులదే తప్పనుకున్న సంగతి. విన్నాడు. మొహం కొంచెం మారింది, మళ్లీ గట్టిపడింది.

"కంపెనోడు పంపింది నేనమ్ముత. షటిల్ నేను చేస్తనా? బల్ల తియ్యిండ్రి. లేకుంటే మిషన్లు పంపిండ్రి."

అమ్మాయిలు ఎవరూ తొక్కడం ఆపలేదు. నేను ఏమంటానో విందామని మెల్లగా తొక్కుతున్నారు.

బల్ల ఉంటుంది అన్నాను. 

సెప్టెంబర్ 3

నాలుగు మిషన్లకూ నూనె పెట్టి, తుడిచి, తోలు పట్టాలు సరిచేసి పంపించాం. వెళ్లేటప్పుడు శారద వాటికి కుంకుమ పెట్టింది. ఎవరూ నవ్వలేదు.

సెప్టెంబర్ 4

పొద్దున గేటు తీసేసరికి ఖాజా భాయి. పాత మిషన్ ఒకటి సైకిల్ వెనక కట్టుకుని వచ్చాడు. "ఇది మూలకు పడి ఉండె. నడిచేటట్టు చేసిన. మీ పిల్లలు నేర్చుకుంటరు."

ఏడు. మళ్లీ వంతులు. ఇద్దరు అమ్మాయిలు మానేశారు, ఇంట్లో వద్దన్నారట. మిగిలినవాళ్లు ఒక గంట ముందే వస్తున్నారు.

చేతులు జోడించాను. భాయి తల అడ్డంగా ఊపి వెళ్లిపోయాడు.

సెప్టెంబర్ 18

పరకాల నుంచి కార్డు. కొమురమ్మ చెబితే బిడ్డ రాసింది. నేనిచ్చిన మా అమ్మ మిషన్ బాగా నడుస్తోందట, దాని మీద స్కూలు సంచులు కుడుతోందట. కార్డు తిప్పి తిప్పి చదివినా ఎక్కడా నిష్ఠూరం లేదు. కడుపు నిండినట్టయింది.

చివర్లో — మా వాడకట్టు ఇద్దరు కోమలి కొనలేదు. ఏది కొనాలో నువ్వే చెప్పు, పేపర్ల కాదు, నీ చేతితో పేరు రాసి పంపు, అదే కొంటరు.

ఇన్‌లాండ్ లెటర్ తెచ్చుకుని కూర్చున్నాను. క్షేమం రాశాను. నా నలభై రోజుల పరీక్ష ఎండాకాలం మొదట్లో చేసింది. నేను మొదటి స్థానం ఇచ్చిన మిషన్‌లో కూడా ఈ నెల కొత్త రకం వచ్చిందని శారద చెప్పింది. దాన్ని నేను తొక్కి చూడలేదు. చూడటానికి కేంద్రంలో అది లేదు, అడిగి తెప్పించుకోవడానికి ఇప్పుడు సేటు షాపూ లేదు.

'మీరు కొనాల్సిన మిషన్ పేరు' — అక్కడిదాకా రాశాను. కలం ఎత్తాను…