ఎడమ చెంప సంగతి

కొల్లేటికోట, 4-4-1934

పూజ్యులైన కృపమ్మ అత్తయ్యగారికి మేనల్లుడు నిత్యానందం వందనాలు.

నేను క్షేమం, ఎడమ చెంప తప్ప. బడికి పిల్లల్ని పోగుచెయ్యడానికి అబ్బులు దోనెలో లంకలన్నీ తిరిగానండి. వెళ్లేటప్పుడూ ఎండ ఎడమవైపే, వచ్చేటప్పుడూ ఎడమవైపే! చెంప కమిలి తోలు ఊడుతోంది. కుడి చెంప నిక్షేపంగా ఉంది. ఇరవయ్యో తేదీ శుక్రవారం గణపవరం నుంచి విశ్వాసంగారు నన్ను చూడ్డానికి వస్తారు కదా, ఈ రెండు రంగుల మొహానికి కూతుర్నిస్తారా? ఏదైనా వైద్యం చెప్పండి.

మీ నిత్యానందం

తా.క. గొడుగు ఉందండీ. కొత్తది. విశ్వాసంగారు వచ్చిననాడు విప్పుదామని దాచాను.

ఏలూరు, 7-4-1934

చిరంజీవి నిత్యానందానికి అత్తయ్య దీవెనలు.

నీ తెలివి తెల్లారినట్టే ఉంది. గొడుగు దాచుకుని మొహం మాడ్చుకుంటారట్రా? చల్లటి మజ్జిగలో గుడ్డ ముంచి చెంప మీద వెయ్యి. తర్వాత వేపాకూ పసుపూ నూరి మొహమంతా పట్టించు. గుమ్మానికి వేపమండలు కట్టి నీళ్లు చల్లితే గాలి చల్లగా వస్తుంది. వారం రోజులు గడప దాటకు. ఇకమీదట ఎండలోకి వెళ్తే తలకి తడిగుడ్డ చుట్టుకో. వాళ్లమ్మాయి రాజకుమారి ఇక్కడి ఆసుపత్రిలో నర్సు, పిల్ల బంగారం. ఈ సంబంధం చెయ్యిజారిందా, నీతో మాట్లాడను.

అత్తయ్య

తా.క. నయం కాకపోతే విశ్వాసంగారిని నీ కుడివైపు కూర్చోబెట్టు.

కొల్లేటికోట, 11-4-1934

అత్తయ్యగారికి వందనాలు.

మంట తగ్గిందండి. ఊరివాళ్ల ప్రేమ ఏమని చెప్పను! అబ్బులు గుమ్మం దాకా వచ్చి, వేపమండలు చూసి, నా పచ్చటి మొహం చూసి దండం పెట్టాడు. "నాకెందుకయ్యా?" అంటే, "మీక్కాదండీ" అని పరుగెత్తాడు. అప్పట్నించి రోజూ ఎవరో గడప ముందు పసుపునీళ్లు చల్లి, చద్దన్నం, పెరుగు, పానకం పెట్టి పోతున్నారు. మనిషి మాత్రం కనపడడు. మేష్టారంటే ఇంత భక్తి నేనెక్కడా చూళ్లేదు.

నిత్యానందం

తా.క. పానకంలో మిరియాలు ఎక్కువయ్యాయి. ఎవరితో చెప్పను?

ఏలూరు, 14-4-1934

ఒరే నాయనా!

నాకు చెప్పకుండా దాచావా? నీకు పెద్దమ్మవారు పోసిందని అబ్బులు గణపవరం సంతలో చెప్పాడట. మశూచి ఇంటికి పిల్లనివ్వం, రావడం లేదని విశ్వాసంగారు కబురు పెట్టారు. సంఘమంతా నీకోసం ప్రార్థన చేస్తోంది. నాకు అన్నం సయించడం లేదు. పైగా మీ ఊరికి టీకాలు వెయ్యడానికి రాజకుమారినే పంపుతున్నారు! ఆ పిల్లకి ఏ మొహం చూపిస్తావురా?

ఏడుస్తున్న నీ అత్తయ్య

తా.క. వేపమండలు మాత్రం తియ్యకు. అవి మంచివే.

కొల్లేటికోట, 18-4-1934

అత్తయ్యగారికి వందనాలు.

ప్రార్థనలు ఆపించండి. నాకు మశూచి లేదు, మీ వైద్యమే ఉంది. రాజకుమారిగారు ముక్కుకి గుడ్డ కట్టుకుని వచ్చి, "ఏవండీ, కాస్త మొహం తుడుచుకుంటారా?" అన్నారు. తుడుచుకున్నాను. ఎడమ చెంప చూసి, కుడి చెంప చూసి, గడప మీద కూలబడి నవ్వారు. వారం తర్వాత మనిషి గొంతు విన్నానేమో, నాకు ఏడుపొచ్చిందండి.

అయినా టీకా వెయ్యకుండా వదల్లేదు. ఊళ్లో నమ్మకం కలగాలని మర్నాడు నన్నూ లంకలకు తీసుకెళ్లారు. దోనెలో ఎదురెదురుగా కూర్చున్నాం. కొత్త గొడుగు విప్పాను. టీకామందు వేడెక్కకూడదని దాన్ని మందుపెట్టె మీద పట్టించారు. దాంతో ఆవిడకి కుడి చెంప కమిలింది.

తండ్రిగారికి ఆవిడే చీటీ రాసి అబ్బులు చేతే పంపారు: "ఆయనకి రోగం లేదు, ఎండ తగిలింది. నాకూ తగిలింది. శుక్రవారం వెళ్దాం నాన్నా." వస్తున్నారండీ!

మీ నిత్యానందం

తా.క. విశ్వాసంగారిని కుడివైపు కూర్చోబెట్టమన్నారు. అటు కూర్చుంటే నా ఎడమపక్కన కూర్చునే వాళ్లమ్మాయి కమిలిన చెంప కనబడుతుంది మరి, ఏం చెయ్యమంటారు?